రెజిత వేయించిన పట్టాలు

సినిమావాళ్ళని చూసి చూసి కేరళలో మా నిళ ఏటి ఒడ్డు ఊళ్ళకి మొహం మొత్తింది. హీరో వచ్చి రేవులో దిగినా తలెత్తి చూసే నాథుడు లేడు. అలాంటిది ఆ మకరమాసం పొద్దున మాత్రం జనం ఎక్కడి పనులు అక్కడే వదిలేసి వచ్చి రేవు మెట్ల మీద కూర్చున్నారు. డైరెక్టరు ఆడపిల్లట. కెమెరా ఎక్కడ పెడుతుందో చూద్దామని కొందరొస్తే, పెట్టలేక ఎలా తడబడుతుందో చూద్దామని ఇంకొందరు. మావాళ్ళ సంగతి నాకు తెలియనిది కాదు, రెండోరకం వాళ్ళే ఎక్కువ.

ఆ పిల్ల పేరు రెజిత. పట్టాంబి మనిషి, ముప్పై దాటాయి. కాలేజీలో ఉండగానే ఫిలిం సొసైటీలో చేరింది. మా వైపు ఫిలిం సొసైటీ అంటే స్కూలు హాలు, గోడకి కట్టిన తెల్ల పంచె, ముందు సినిమా, తర్వాత ఆ సినిమా కన్నా పొడుగైన కొట్లాట. కెమెరా ఎందుకు కదిలింది, ఎందుకు ఆగింది అని చొక్కాలు పట్టుకునేదాకా వెళ్ళేవారు. ఆ కొట్లాటల్లో నోరు పెంచుకున్నాక, ఒక డాక్యుమెంటరీ యూనిట్లో పనికి కుదిరింది. వాళ్ళ దగ్గర చిన్న కెమెరా ఉండేది, పదహారు ఎం.ఎం. ఫిలిం వేసేది. దాంతో తోలుబొమ్మలాటలు తీశారు, ఏనుగుల వైద్యం తీశారు, కోతలు తీశారు. రెజిత కన్ను అక్కడే తయారైంది.

తయారవడమంటే మాటలు కాదు. బస్టాండులో నిలబడి ఒక కన్ను మూసుకునేది. ఇక్కణ్ణుంచి ఏ లెన్స్ వేస్తే ఆ చేపల బుట్ట ఆవిడ నడుము దాకా వస్తుంది, ఆవిడ వెనక బస్సు ఎంత పెద్దదిగా కనిపిస్తుంది, నేను నాలుగడుగులు దగ్గరికెళ్ళి వెడల్పు లెన్స్ వేస్తే అదే మనిషి ఎలా మారిపోతుంది, ఇదే లోకం. మొహం అదే సైజులో ఉంటుంది కానీ దూరం నుంచి తీస్తే వెనకాల ఊరంతా వచ్చి వీపుకి అంటుకుంటుంది, దగ్గర్నుంచి తీస్తే ఊరు వెనక్కి పారిపోతుంది. ఈ ముక్క బుర్రకెక్కడానికి ఆమెకి ఏడాది పట్టింది. కెమెరాని పట్టాల మీద తోసే ట్రాలీ అద్దెకి తెచ్చుకునే తాహతు లేక సైకిలు వెనక సీటు మీద అటు తిరిగి కూర్చుని, తొక్కే స్నేహితురాలిని తిడుతూ కెమెరా కదలిక నేర్చుకుంది. పట్టాంబి రైల్వే గేటు దగ్గర రెండుసార్లు పడింది కూడా. అప్పుడు తగిలిన దెబ్బల్ని కూడా గొప్పగానే చూపించేది.

తర్వాత రెండు పెద్ద సినిమాలకి అసిస్టెంటుగా చేసింది. క్లాప్ కొట్టడం, ఏ సీన్లో ఏ గాజులున్నాయో గుర్తుపెట్టుకోవడం, అంతే. అసిస్టెంటు కెమెరాలోంచి చూస్తే కెమెరా మైలపడిపోతుందన్నట్టుండేవారు అప్పటి పెద్దమనుషులు.

ఇప్పుడు తన సొంత సినిమా. పడవ నడిపి బతికే జానకి అనే ఆవిడ కథ. ఏటి మీద వంతెన వస్తుంది, పడవ మూలపడుతుంది. కలప డిపో బీరాన్ హాజీ డబ్బు పెట్టాడు. ఆయన్ని వాళ్ళమ్మ కన్నది పడవలోనేట, కథ వినగానే కళ్ళు తుడుచుకుని సరే అన్నాడు. సరే అన్నాక ఎవరో చెవిలో ఏదో ఊదారు. మొదటిరోజు పొద్దున యూనిట్ అంతా పుట్టు, శెనగల కూర తింటుంటే అందరి ముందూ అనేశాడు.

"చూడమ్మాయ్, దాపరికం ఎందుకు. ఇవాళ సాయంత్రం దాకా చూస్తాను. కెమెరా పెట్టడం నీకు చేతనవునని నాకు నమ్మకం కుదిరిందా, సినిమా నీది. కుదరకపోతే రేపట్నుంచి షాట్లు కురియాకోస్ పెట్టుకుంటాడు. పేరు నీదే వేస్తాంలే, దానికేం."

కురియాకోస్ చేట్టన్, అంటే అన్న, మా కెమెరామాన్. పెద్ద చెయ్యి, పెద్ద పొట్ట, పళ్ళ మధ్య ఎప్పుడూ ఒక పుల్ల. చెడ్డవాడు కాదు, తన మీద తనకి నమ్మకం మరీ ఎక్కువ. అంతకుముందు ఇద్దరు కొత్త డైరెక్టర్లని కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి వేరుశెనక్కాయల పొట్లం ఇచ్చి, సినిమా మొత్తం తనే తీసేశాడు. ఆ ఇద్దరూ ఇప్పటికీ తామే తీశామనుకుంటున్నారు. హాజీ మాటకి ఆయన పుల్ల అటునుంచి ఇటు మార్చాడు తప్ప కాదనలేదు.

రెజిత చేతిలో ముద్ద ఆకులో పెట్టేసింది. పేరు నాది, సినిమా ఇంకొకడిది అయితే నాకెందుకీ బతుకు అనుకుంది. చెయ్యి కడుక్కుని లేచింది.

మొదటి షాట్‌లో జానకి పడవని గుంజకి కట్టాలి. జానకి వేషం భార్గవియమ్మది, నలభై ఏళ్ళు నాటకాలు వేసిన మనిషి. రెజిత ఇసకలో అటూ ఇటూ తిరిగి, ఒకచోట కాలితో గీత గీసి నిలబడింది.

"ఇక్కడ చేట్టా. పాతిక వేయండి."

"పాతికేనా?" అన్నాడు కురియాకోస్.

"పాతికే."

ఆయన ఇంకేం అనలేదు. అనొచ్చు, అనలేదు. పాతిక లెన్స్ వేయించి, కన్ను పెట్టి చూసి, చాలా మర్యాదగా పక్కకి జరిగాడు. "రా అమ్మాయ్. నీ బొమ్మ చూసుకో."

చూసింది. భార్గవియమ్మ బొటనవేలంత ఉంది. మిగిలిన బొమ్మంతా జనరేటర్ వ్యాను, హాజీ జీపు, జీపు చాటున ఒంటికెళ్తున్న డ్రైవరు. కెమెరా అసిస్టెంటు సాబు నోరు మూసుకున్నా భుజాలు ఎగురుతూనే ఉన్నాయి. అది చూసి లైట్లవాళ్ళు నవ్వారు, వాళ్ళని చూసి మెట్ల మీది జనం ఎందుకో తెలియకుండానే నవ్వారు.

రెజితకి తప్పు ఎక్కడుందో వెంటనే తెలిసిపోయింది. చిన్న కెమెరాలో పాతిక ఎంత చూస్తుందో, పెద్ద సినిమా కెమెరాలో అంతే చూడాలంటే యాభై వేయాలి. ఫిలిం వెడల్పు పెరిగితే అంకె కూడా పెరగాలి. ఆ సంగతి ఆమెకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. కానీ ఏళ్ళ తరబడి చిన్న కెమెరాతో బతికిన నోరు, గాభరాలో పాత అంకె పలికేసింది. చెవులు కాలిపోతుంటే అంది, "యాభై వేయండి. చోటు మాత్రం మార్చొద్దు."

యాభై వేశారు. ఈసారి కురియాకోస్ కన్ను పెట్టి కాసేపు తీయలేదు. భార్గవియమ్మ, తాడు, గుంజ, వెనక ఎంత ఏరు కావాలో అంతే ఏరు. నిలబడ్డ చోటులో అంగుళం తేడా లేదు. అది ఆయన చూశాడు. యూనిట్‌కి మాత్రం అంకె ఒక్కటే గుర్తుండిపోయింది. భోజనాల వేళకి ఆమెకి పాతిక మేడమ్ అని పేరు కూడా పెట్టేశారు.

మధ్యాహ్నం అసలు సీను. రోడ్డు పక్కన టీ కొట్టు. బెంచీల మీద ఊరి మగవాళ్ళు టీలు తాగుతుంటారు, ఒక మూల జానకి కూర్చుని ఉంటుంది. వంతెన మీదికి మొదటి బస్సు వస్తుంది. హారన్ వినిపించగానే అందరూ గ్లాసులు అక్కడే వదిలేసి పరుగు. జానకి ఒక్కతే మిగులుతుంది. ఆ మోగేది ఆమె బతుకుతెరువు ముగిసిందని చెప్పే హారనే కదా.

"జూమ్ చేద్దాం," అన్నాడు కురియాకోస్. "వాళ్ళు పరిగెడతారు, మనం ఇక్కణ్ణుంచే ఆవిడ మొహం మీదికి వెళ్ళిపోతాం. అయిదు నిమిషాల్లో అయిపోతుంది."

"జూమ్ వద్దు చేట్టా. జూమ్ చేస్తే ఆవిణ్ణి మెడపట్టి మన దగ్గరికి లాక్కొచ్చినట్టుంటుంది. మనమే నడిచి ఆవిడ దగ్గరికి వెళ్ళాలి. ట్రాలీ కావాలి. యాభైతో."

"ఇక్కడ నేల చూశావా? అన్నీ రాళ్ళే. పట్టాలు పరచాలంటే రెండు గంటలు."

"రెండు గంటలు పట్టనీండి."

"థియేటర్లో కూర్చున్నవాడికి జూమ్ అనీ ట్రాలీ అనీ తేడా తెలుస్తుందంటావా?"

"పేరు తెలియదు. కడుపులో తెలుస్తుంది."

కురియాకోస్ పుల్ల తీసి చూసుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "వేయండ్రా పట్టాలు. ముచ్చట పడుతోంది, ఎందుకు కాదనాలి."

ట్రాలీ అంతోణి, వాడి మనుషులు చెమటలు కక్కుతూ రాళ్ళ కింద చెక్కలు పెట్టి, మట్టం చూసి పట్టాలు పరిచారు. సినిమాలో మొదటి ట్రాలీ కాబట్టి చక్రం కింద నిమ్మకాయ పెట్టి, కర్పూరం వెలిగించి తోశారు. అంతోణి మెళ్ళో సిలువ ఉంటుంది, అయినా నిమ్మకాయ లేకుండా చక్రం కదల్చనివ్వడు. నిమ్మకాయ పిచ్చ్‌మని నలిగింది. రెజిత గర్వంగా చూసింది. తన మాట మీద వేసిన పట్టాలు, మొదటిసారి.

రిహార్సల్ మొదలైంది. పరిగెత్తాల్సిన మగవాళ్ళు ఊరివాళ్ళే. ఒకడు ముందే పరిగెడతాడు, ఒకడు గ్లాసు చేత్తో పట్టుకునే పరిగెడతాడు. వీళ్ళని దారిలో పెట్టడానికి రెజిత రోడ్డు దాటి అవతల రేషన్ షాపు గోడ దగ్గర నిలబడింది. హారన్ మోగించారు. బెంచీల మీది మనుషులంతా లేచి ఆమె ముందునుంచే దుమ్ము రేపుకుంటూ పోయారు. కళ్ళ ముందు పంచెలు, మోచేతులు, వీపులు. అవన్నీ దాటిపోయాక రోడ్డుకి అటువైపు భార్గవియమ్మ.

ఆవిడ ఊరికే కూర్చోలేదు. హారన్ వైపు చూడలేదు. బెంచీ మీద సగం తాగి వదిలేసిన టీ గ్లాసులు చూసింది. ఒక్కో గ్లాసునీ దగ్గరికి జరుపుకుని సాసరు బోర్లించి మూత పెట్టింది. సాసర్లు చాలకపోతే ఒకదాని మీద కాగితం ముక్క పెట్టి, ఎగిరిపోకుండా వేలితో నొక్కి పట్టుకుని కూర్చుంది.

రెజిత ఒక కన్ను మూసుకుంది.

అవతల ట్రాలీ మీదినుంచి కురియాకోస్ అరుస్తున్నాడు. "భార్గవియమ్మా, ఆ చేతులు కదపకమ్మా. నేను నీ మొహం మీదికి వస్తుంటే నువ్వు కిందికి వంగిపోతున్నావు."

"మరి టీ చల్లారిపోదూ?" అంది ఆవిడ. "మళ్ళీ వస్తారుగా పాపం, తాగుతారు."

రెజిత గోడ దగ్గరే నిలబడిపోయింది. ట్రాలీ మొహం దగ్గరికి వెళ్తే గ్లాసులు బొమ్మలోంచి పోతాయి. ట్రాలీ ఉంచాలంటే ఆ చేతుల్ని ఆపమని చెప్పాలి. పోనీ కెమెరాని కిందికి వంచి చేతులు చూపించి, మళ్ళీ పైకెత్తితే? మనసులోనే తీసి చూసుకుంది. ఛీ అనిపించింది. ఇదుగో చూడండి, ఎంత మంచిదో చూడండి అని వేలు పెట్టి చూపించినట్టుంది. ఆ మనిషి ఎవరికీ చూపించడానికి చేయట్లేదు, అదే కదా దానిలో ఉన్నది. వెనక్కి వెళ్ళే ట్రాలీ, పక్కకి వెళ్ళే ట్రాలీ, అన్నీ వేసి చూసుకుంది. ఏది వేసినా ఆవిడకి అడ్డమే. కెమెరా ఇక్కడుండాలి, తను నిలబడ్డ ఈ గోడ దగ్గర. కదలకూడదు.

తెలిసిపోయింది. తెలిసినందుకు భయమేసింది. పొద్దున లెన్స్ తప్పు చెప్పింది. మధ్యాహ్నం కొట్లాడి పట్టాలు వేయించింది. ఇప్పుడు అవీ తప్పేనని అందరి ముందూ ఒప్పుకుంటే ఇంకేం మిగిలింది? హాజీ కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. నోరు మూసుకుని ట్రాలీ షాట్ తీసేస్తే బాగానే ఉంటుంది, ఎవరూ వంక పెట్టరు, సాయంత్రం గండం గడిచిపోతుంది. ఆ ఆలోచన ఆమెకి రాలేదని నేననను. వచ్చింది. కానీ అప్పుడు భార్గవియమ్మ దగ్గరికెళ్ళి, అమ్మా, ఆ గ్లాసులు ముట్టుకోకు అని తన నోటితో తనే చెప్పాలి. అది ఆమె వల్ల కాలేదు.

రోడ్డు దాటి వచ్చింది. "పట్టాలు తీసేయండి."

ఎవరూ కదల్లేదు. అంతోణి తుండుతో మొహం తుడుచుకుని దగ్గరికొచ్చాడు. "మేడమ్, నిమ్మకాయ నలిగింది. షాట్ తీయకుండా పట్టాలెత్తితే సినిమా డబ్బాలోంచి బయటికి రాదంటారు."

"ఎవరంటారు?"

"అందరూ అంటారు."

"నేను అనట్లేదు. ఎత్తు అంతోణీ."

హాజీ లేచాడు. "చాల్లేమ్మా. చూసింది చాలు. కురియాకోస్, నువ్వే..."

"సాయంత్రం దాకా అన్నారు హాజీ," అంది రెజిత. చేత్తో ఆకాశం చూపించింది. "ఇంకా ఎండ ఉంది."

కురియాకోస్ ట్రాలీ దిగి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "నా మనుషుల చేత రెండు గంటలు రాళ్ళు మోయించావు. ఇప్పుడు తీసేయమంటున్నావు. అంటే తప్పు చేశానంటావా?"

"తప్పే చేశాను. ఈ షాట్‌కి నేననుకున్నది తప్పు. మీరు జూమ్ అన్నారు, అదీ తప్పే. ఆవిడ ఏం చేస్తుందో చూడకముందే మనిద్దరం కొట్లాడుకున్నాం."

సాబు దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. కురియాకోస్ నవ్వలేదు.

"కెమెరా అదిగో, ఆ గోడ దగ్గర పెట్టండి. డెబ్భై అయిదు. స్టాండు తలకాయ బిగించేయండి, కెమెరా అటూ ఇటూ తిరగకూడదు."

"అక్కడ పెడితే పరిగెత్తే జనం లెన్స్‌కి అడ్డం వస్తారు."

"రావాలి. ముందు ఆవిడ కనిపించకూడదు. వీపులు, పంచెలు, దుమ్ము. డెబ్భై అయిదులో అవన్నీ మసకగా, పెద్దగా పోతాయి. అందరూ పోయాక ఆవిడ మిగలాలి. మనం ఆవిడ దగ్గరికి వెళ్ళొద్దు, ఆవిణ్ణి లాక్కురావద్దు. అక్కడ కూర్చుని ఆవిడేం చేస్తుందో అది చేసుకోనిద్దాం."

ఆయన ఆ గోడ వైపు చూశాడు, భార్గవియమ్మ వైపు చూశాడు. "డెబ్భై అయిదు తీయరా సాబూ," అన్నాడు.

పట్టాలు ఎత్తారు. అంతోణి ఎత్తుతూ ఎత్తుతూ తన సిలువనీ, నిమ్మకాయ తొక్కనీ రెండింటినీ ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఎండ పచ్చబడి కొట్టులోకి ఏటవాలుగా పడుతోంది. రెజిత ఈసారి రిహార్సల్ పెట్టలేదు. భార్గవియమ్మకి ఏం చెప్పలేదు కూడా, టీలు వేడిగా పోయమని కొట్టువాడికి మాత్రం చెప్పింది.

హారన్ మోగింది. మనుషులు లేచారు. కెమెరా ముందు చీకటి, వెలుతురు, ఒక మోచెయ్యి, ఎగిరే పంచె కొస, మళ్ళీ చీకటి. కాళ్ళ చప్పుడు దూరమైంది. దుమ్ము మెల్లగా కిందికి దిగుతుంటే దాని వెనకాల బెంచీ, గ్లాసులు, పొగలు, ఆ మనిషి. దూరంగా జనం కేకలు వేస్తున్నారు. ఆవిడ మొదటి గ్లాసు మీద సాసరు పెట్టింది. రెండోది పెట్టింది. మూడోది తీసుకుని, దాని అడుగున ఉన్న తడిని పైట చెంగుతో తుడిచి, అప్పుడు మూత పెట్టింది. అన్నీ అయ్యాక ఒళ్ళో చేతులు పెట్టుకుని, అలవాటు కొద్దీ ఏటి వైపు చూసింది, ఎవరైనా దాటాలని పిలుస్తారేమోనన్నట్టు. ఎవరూ పిలవలేదు.

"కట్," అంది రెజిత. ఆ మాట ఆమెకే సరిగ్గా వినిపించలేదు. సాబు మళ్ళీ గట్టిగా అనాల్సి వచ్చింది.

కురియాకోస్ కన్ను కెమెరా మీదినుంచి తీయలేదు. ఫిలిం ఆగిపోయాక కూడా చూస్తూనే ఉన్నాడు. రెజిత గోడకి ఆనుకుంది. ఇప్పుడు సినిమా ఉన్నా పోయినా ఈ షాట్ నాది అనుకుంది. అంత గర్వం ఆమెకి పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ కలగలేదు, దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

హాజీ వచ్చాడు. ఆయనకి లెన్స్‌లో ఏముందో తెలియదు, కొట్టులో జరిగింది మాత్రం చూశాడు. ముక్కు ఎర్రగా ఉంది. కురియాకోస్ భుజం తట్టి అడిగాడు. "ఏమంటావ్? రేపు పొద్దున కెమెరా ఎక్కడ పెడదామంటావో చెప్పు, జనరేటర్ అక్కడికే పంపించేస్తాను."

"నన్నడుగుతావేం హాజీ?" అన్నాడు కురియాకోస్. "డైరెక్టరు అక్కడుంటే."

అని, పళ్ళ మధ్య పుల్ల తీసి పారేశాడు. గోడ దగ్గరికి నడిచి వచ్చాడు. వస్తూ వస్తూ, మోకాళ్ళ పైకి మడిచి కట్టుకున్న ముండుని, అదే మా పంచెని, చేత్తో తట్టి పాదాల దాకా దించాడు. మా వైపు మగవాడు ముండు దించేది తండ్రి ముందో, గురువు ముందో, చర్చిలో ఫాదర్ ముందో. సాబు చూశాడు, అంతోణి చూశాడు, లైట్లవాళ్ళు చూశారు. ఒక్కడికీ నవ్వు రాలేదు.

"రేపు కెమెరా ఎక్కడ పెట్టాలి?" అన్నాడు ఆయన.

"పడవలో," అంది రెజిత. "ముప్పై రెండు వేసి, ఏటి మధ్యలో. కెమెరాతో పాటు మీరూ నేనూ కూడా అందులోనే."

కురియాకోస్ ఏటి వైపు చూశాడు. "నాకు ఈత రాదే అమ్మాయ్."

"నాకొచ్చు చేట్టా."